డబ్బు రాకముందే పన్ను, ఆలస్యమైతే వడ్డీ: ప్రభుత్వ కాంట్రాక్టర్ల జీఎస్టీ చిక్కు

సీసీ రోడ్డో, చెరువు కట్టో, స్కూల్లో అదనపు గదులో పూర్తవుతాయి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కొలతలు తీసి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కిస్తారు. పై ఇంజినీరు డీఈ ఆ కొలతలను సరిచూస్తారు. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) సంతకం పడ్డాక బిల్లు పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్తుంది. ఆ తర్వాత ఎదురుచూపులే. డబ్బు ఖాతాలో పడేసరికి ఒక్కోసారి ఏడాది దాటిపోతుంది. వచ్చిన నెలలోనే జీఎస్టీ కట్టేసి, ఆ పని అక్కడితో అయిపోయిందనుకుంటాడు కాంట్రాక్టర్. ఇంకో రెండేళ్లకు నోటీసు వస్తుంది. పన్ను కట్టారు కానీ ఆలస్యంగా కట్టారు కాబట్టి, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టాలని దాని సారాంశం.

"బిల్లు ఆపిందీ మీరే, వడ్డీ అడిగేదీ మీరేనా?" అని ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటలో న్యాయం ఉంది. కానీ జీఎస్టీ చట్టం దృష్టిలో పని చేయించుకున్న శాఖ వేరు, పన్ను వసూలు చేసే శాఖ వేరు. ఆలస్యం ఎందుకైందని వడ్డీ విధించే సెక్షన్ 50 అడగదు. గడువు తేదీ ఏది, కట్టిన తేదీ ఏది అన్నదే చూస్తుంది. అందుకే డబ్బు రాలేదన్న ఒక్క మాట మీద నిలబడిన జవాబులు చాలావరకు తేలిపోతాయి. నిలబడే జవాబు వేరే ఉంది. అసలు ఆ పన్నుకు గడువు ఏ రోజున మొదలైందో తేల్చడమే ఆ జవాబు. అది తేలేది రెండు కాగితాల మీద. ఒకటి అగ్రిమెంట్, రెండోది ట్యాక్స్ ఇన్వాయిస్, అంటే కాంట్రాక్టర్ ఇచ్చే పన్ను బిల్లు.

పన్ను బాధ్యత ఏ రోజున మొదలవుతుంది?

స్థిరాస్తికి సంబంధించిన వర్క్స్ కాంట్రాక్ట్‌ను, అంటే సామగ్రి, పనితనం కలిపి చేసిచ్చే పనిని జీఎస్టీలో సేవగా లెక్కిస్తారు. సేవ మీద పన్ను ఎప్పుడు కట్టాలో సెక్షన్ 13 చెబుతుంది. ఇన్వాయిస్ సకాలంలో ఇస్తే ఇన్వాయిస్ తేదీ, డబ్బు అందిన తేదీ ఈ రెండింటిలో ఏది ముందైతే అది. సకాలంలో ఇవ్వకపోతే సేవ అందించిన తేదీ, డబ్బు అందిన తేదీల్లో ఏది ముందైతే అది. కాబట్టి ఇన్వాయిస్ ఎప్పటిలోగా ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న అవుతుంది. దానికి జవాబు సెక్షన్ 31లో ఉంది.

మామూలు సేవకైతే పని పూర్తయిన 30 రోజుల్లో ఇన్వాయిస్ ఇవ్వాలి. అదే మూడు నెలలకు మించిన ఒప్పందమై, అప్పుడప్పుడు చెల్లింపులు చేయాలన్న షరతు ఉంటే దాన్ని నిరంతర సేవ అంటారు. దానికి సెక్షన్ 31(5) వర్తిస్తుంది. ఇందులో మూడు దారులున్నాయి. చెల్లింపు గడువు ఒప్పందాన్ని బట్టి తెలుస్తుంటే, ఆ గడువులోగా ఇన్వాయిస్ ఇవ్వాలి. ఆ గడువు తెలియకపోతే, డబ్బు అందినప్పుడు గానీ అంతకంటే ముందు గానీ ఇవ్వాలి. చెల్లింపు ఏదైనా ఘట్టం పూర్తవడంతో ముడిపడి ఉంటే, ఆ ఘట్టం పూర్తయ్యే రోజులోగా ఇవ్వాలి.

ప్రభుత్వ కాంట్రాక్టర్‌కు ఊపిరి రెండో దారిలోనే ఉంది. నిధుల లభ్యతను బట్టి చెల్లిస్తామని రాసి, ఫలానా రోజుల్లో చెల్లిస్తామని ఎక్కడా చెప్పని అగ్రిమెంట్లు మనకు కొత్త కాదు. అలాంటి ఒప్పందంలో చెల్లింపు గడువు తెలియదనే అర్థం. అప్పుడు డబ్బు అందినప్పుడు ఇన్వాయిస్ ఇచ్చి, ఆ నెల రిటర్నులో చూపిస్తే ఆలస్యమే లేదు. ఆలస్యం లేనప్పుడు వడ్డీ అడిగే ఆధారమూ లేదు.

దీనికి అధికారుల వైపు నుంచి వచ్చే ఎదురువాదం మూడో దారి. ఎం-బుక్ రికార్డు చేయడమే ఒక ఘట్టమని, ఆ రోజే ఇన్వాయిస్ ఇవ్వాల్సిందని అంటారు. నా దృష్టిలో ఇది ప్రతి పనికీ వర్తించదు. కొలతలు తీసేది ఎంత పని జరిగిందో తేల్చడానికి. పునాది పూర్తయితే ఇంత శాతం, స్లాబ్ పడితే ఇంత శాతం అని ఒప్పందంలో రాసుకుంటే అది ఘట్టంతో ముడిపడిన చెల్లింపు. కొలతల ప్రకారం పని మధ్యలో రన్నింగ్ బిల్లు పెట్టుకోవచ్చని మాత్రమే రాసి ఉంటే కథ వేరు. నోటీసుకు జవాబు రాసే ముందు అగ్రిమెంట్‌లోని చెల్లింపు క్లాజును అక్షరం అక్షరం చదవాలని చెప్పేది ఇందుకే.

కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు కూడా ఒప్పందాన్నే చూస్తుందనడానికి మంచి ఉదాహరణ 2024 జూన్ 26న వచ్చిన 221వ నంబరు సర్క్యులర్. జాతీయ రహదారుల్లో హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో రోడ్డు ముందు పూర్తవుతుంది, డబ్బులో పెద్ద భాగం తర్వాత ఏళ్ల తరబడి వాయిదాల్లో వస్తుంది. రోడ్డు కట్టేసిన రోజునే మొత్తం పన్ను కట్టనక్కర్లేదని, ఒప్పందంలోని వాయిదా తేదీ లేదా ఘట్టం నాటికి ఇన్వాయిస్ ఇచ్చి, ఇన్వాయిస్, చెల్లింపుల్లో ఏది ముందైతే అప్పుడు కట్టాలని ఆ సర్క్యులర్ చెప్పింది. ఇది రెండు వైపులా పదునున్న మాట. ఒప్పందంలో తేదీ ఉండి అది దాటిపోతే, డబ్బు రాకపోయినా పన్ను కట్టాల్సిందే.

అందరికంటే ఎక్కువ నష్టపోయేది చిన్న కాంట్రాక్టరే. రెండు నెలల గడువుతో పది లక్షల సీసీ రోడ్డు తీసుకున్నవాడి ఒప్పందం మూడు నెలలు దాటదు. ఒకే ఫైనల్ బిల్లు కాబట్టి మధ్యలో చెల్లింపులూ ఉండవు. అతనిది నిరంతర సేవ కాదు. పని పూర్తయిన 30 రోజుల్లో ఇన్వాయిస్ ఇవ్వాలి, ఆ నెల రిటర్నుతో పన్ను కట్టాలి. డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియకపోయినా సరే. వందల కోట్ల పని చేసే సంస్థకు దొరికే వెసులుబాటు ఇతనికి దొరకదు.

ఇన్వాయిస్ తొందరపడితే

ఒప్పందం ఎంత అనుకూలంగా ఉన్నా, ఒకసారి ట్యాక్స్ ఇన్వాయిస్ ఇచ్చేశాక ఈ వాదన బలహీనపడుతుంది. కొన్ని డివిజన్ ఆఫీసుల్లో బిల్లుతో పాటే ఇన్వాయిస్ కాపీ పెట్టమంటారు. పని ఆగకూడదని కాంట్రాక్టర్ ఇచ్చేస్తాడు. అక్కడితో ఆ తేదీ నమోదైపోతుంది. టర్నోవర్ 5 కోట్లు దాటినవారికి ఈ-ఇన్వాయిస్, అంటే పోర్టల్‌లో నమోదు చేసే ఇన్వాయిస్ తప్పనిసరి. టీడీఎస్ (చెల్లింపులోనే పన్ను కోయడం) కోసం మాత్రమే రిజిస్ట్రేషన్ తీసుకున్న ప్రభుత్వ శాఖలకు చేసే పనులకూ అది వర్తిస్తుందని 2023 జులైలో సర్క్యులర్ ఇచ్చారు. ఈ-ఇన్వాయిస్ తీస్తే ఆ వివరం పోర్టల్‌కు చేరిపోతుంది, అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1 రిటర్నులోకి దానంతటదే వస్తుంది. తర్వాత తేదీ గురించి వాదించడానికి ఏమీ మిగలదు.

ఒప్పందం రెండో దారిలోకి వచ్చేదైతే, బిల్లు పెట్టేటప్పుడు ప్రొఫార్మా ఇన్వాయిస్ (ట్యాక్స్ ఇన్వాయిస్ కాని ముందస్తు బిల్లు) గానీ, పన్ను విడిగా చూపిన క్లెయిమ్ లెటర్ గానీ ఇచ్చి, డబ్బు పడినప్పుడు ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వడం మేలు. ఇది ఎగవేత కాదు. సెక్షన్ 31(5) ఇచ్చిన హక్కే.

పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చే మొబిలైజేషన్ అడ్వాన్స్ విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. సేవకు ముందుగా డబ్బు తీసుకుంటే, తీసుకున్న నెల రిటర్నులోనే చూపి పన్ను కట్టాలి. వస్తువులు అమ్మేవారికి అడ్వాన్సు మీద పన్ను మినహాయింపు ఉంది, సేవలకు లేదు. అడ్వాన్సును అప్పులా భావించి, బిల్లుల్లో కోత పడినప్పుడు కదా చూపించాల్సింది అనుకునేవారు ఇక్కడే దొరికిపోతారు.

వడ్డీ దేని మీద లెక్కిస్తారు?

మొత్తం పన్ను మీదా, లేక ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను) పోగా నగదుగా కట్టిన భాగం మీదా? దీని మీద దేశమంతా చూసిన తీర్పు మన హైదరాబాద్‌లోనే వచ్చింది. మేఘా ఇంజినీరింగ్ సంస్థ కేసులో 2019 ఏప్రిల్ 18న తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. మొత్తం పన్ను సుమారు 1,014 కోట్లు. అందులో 968 కోట్లు ఇన్‌పుట్ క్రెడిట్‌తోనే తీరిపోతాయి. తక్కువ పడింది 45 కోట్లు. పూర్తి పన్ను కట్టకుండా పోర్టల్ రిటర్ను తీసుకోదు కాబట్టి రిటర్నులు ఆలస్యమయ్యాయి. వడ్డీ 45 కోట్ల మీదే ఉండాలన్నది సంస్థ వాదన. రిటర్ను వేసేదాకా క్రెడిట్ లెడ్జర్‌లోకి (పోర్టల్‌లోని పన్ను ఖాతాలోకి) రాదని, కాబట్టి వడ్డీ మొత్తం మీదేనని కోర్టు చెప్పింది. నగదు భాగం మీదే వడ్డీ వేయాలని జీఎస్టీ కౌన్సిల్ అప్పటికే సూత్రప్రాయంగా ఒప్పుకున్నా, అది ఇంకా చట్టం కాలేదు. కోర్టు చట్టంలో ఉన్నదాన్నే చూసింది.

తర్వాత చట్టం మారింది. సెక్షన్ 50(1)కు చేర్చిన మినహాయింపును 2021 ఫైనాన్స్ చట్టంతో 2017 జులై 1 నుంచే వర్తించేలా చేశారు. ఆలస్యంగా వేసిన రిటర్నులో ఆ నెల సరఫరాలే చూపిస్తే, వడ్డీ నగదుగా కట్టిన భాగం మీదే. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. "ఆ నెల సరఫరాలే" అన్న షరతును మాత్రం పట్టించుకోరు. ప్రభుత్వ కాంట్రాక్టర్లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఈ షరతు వల్లనే.

ఒక లెక్క వేద్దాం. జూన్‌లో 50 లక్షల బిల్లు. 18 శాతం చొప్పున జీఎస్టీ 9 లక్షలు. ఇన్‌పుట్ క్రెడిట్ 6 లక్షలు, నగదుగా కట్టాల్సింది 3 లక్షలు. గడువు జులై 20. డబ్బు రాలేదు కాబట్టి ఒక కాంట్రాక్టర్ జూన్ రిటర్నే వేయలేదు. ఫిబ్రవరి 20న డబ్బు రాగానే జూన్ రిటర్నులో చూపి కట్టేశాడు. ఆలస్యం 215 రోజులు. వడ్డీ 3 లక్షల మీద సుమారు 31,808 రూపాయలు, పైన లేట్ ఫీజు.

ఇంకో కాంట్రాక్టర్ క్రమశిక్షణ గలవాడు. ప్రతి నెలా రిటర్ను గడువులోగా వేశాడు. జూన్ రిటర్నులో మాత్రం ఈ బిల్లు చూపలేదు. జనవరిలో డబ్బు వచ్చాక ఆ నెల రిటర్నులో చూపి, అదే ఫిబ్రవరి 20న కట్టాడు. అధికారి లెక్కలో ఆ పన్ను జూన్‌దే అని తేలితే, మినహాయింపు ఇతనికి వర్తించదు. జూన్ సరఫరాను జూన్ రిటర్నులో కాక వేరే నెలలో చూపాడు కదా. వడ్డీ లెక్క చెప్పే రూల్ 88బి రెండో ఉపనిబంధన ప్రకారం వడ్డీ మొత్తం 9 లక్షల మీద, అంటే సుమారు 95,425 రూపాయలు. రిటర్నే వేయనివాడి కంటే క్రమం తప్పకుండా వేసినవాడికి మూడు రెట్ల వడ్డీ! ఇది అన్యాయం. కానీ నిబంధన అక్షరాలు అలాగే ఉన్నాయి. కాబట్టి పన్ను గడువు డబ్బు అందిన రోజే మొదలైందని నిరూపించుకోవడం రెండో కాంట్రాక్టర్‌కు ఎంత ముఖ్యమో చూడండి. ఆ ఒక్క అంశం నెగ్గితే 95 వేలు సున్నా అవుతుంది.

నోటీసు ఎక్కడి నుంచి వస్తుంది?

2018 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ శాఖలు రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుల చెల్లింపుల్లో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కోస్తున్నాయి. ఎవరికి ఎప్పుడు ఎంత చెల్లించిందీ శాఖ వేసే టీడీఎస్ రిటర్ను జీఎస్టీఆర్-7లో ఎక్కుతుంది. అధికారి దాన్ని మనం పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బితో పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఉంటే వివరణ అడుగుతూ ఏఎస్‌ఎంటీ-10 నోటీసు వస్తుంది. జీఎస్టీఆర్-1లో చూపిన పన్ను 3బిలో తక్కువైతే ఆ తేడా తెలుపుతూ డీఆర్‌సీ-01బి వస్తుంది.

టీడీఎస్‌ను చాలామంది నష్టంలా చూస్తారు. నిజానికి అది పోర్టల్‌లోని మన నగదు లెడ్జర్‌లోకి (నగదు ఖాతాలోకి) వచ్చే సొమ్మే. పోర్టల్‌లో అంగీకరిస్తేనే జమ అవుతుంది. శాఖ జీఎస్టీఆర్-7 వేయకపోతే అసలు కనిపించదు. దీన్ని వదిలేయకుండా వెంటపడటానికి 2024 జులై నుంచి ఇంకో కారణం దొరికింది. గడువు తేదీకి నగదు లెడ్జర్‌లో ఉండి, ఆ తర్వాత ఆ రిటర్నుకే వాడిన మొత్తం మీద వడ్డీ లేదని రూల్ 88బికి చేర్చారు. అంటే డబ్బు లెడ్జర్‌లో వేసి, రిటర్ను మాత్రం ఆలస్యమైతే, అంతమేర వడ్డీ తప్పుతుంది. అదే ఏడాది జనవరిలో మద్రాస్ హైకోర్టు ఐషర్ మోటార్స్ కేసులో ఇలాంటి మాటే చెప్పింది. అంతకుముందు జార్ఖండ్ హైకోర్టు దీనికి విరుద్ధంగా తీర్పిచ్చి ఉంది కాబట్టి, నిబంధన మారడం మంచిదైంది.

వడ్డీ దానంతటదే పుడుతుంది కాబట్టి వినేదేమీ లేదని నేరుగా బ్యాంకు ఖాతా అటాచ్ చేసే సందర్భాలూ ఉన్నాయి. రిటర్నులో మనమే ఒప్పుకున్న పన్ను, దాని మీద వడ్డీని సెక్షన్ 75(12) కింద నేరుగా వసూలు చేయొచ్చు. కానీ వడ్డీ కట్టాలా వద్దా, ఎంత కట్టాలన్నదే వివాదమైతే ముందు నోటీసిచ్చి విచారించాల్సిందేనని 2020 ఏప్రిల్‌లో మహాదేవ్ కన్‌స్ట్రక్షన్ కేసులో జార్ఖండ్ హైకోర్టు చెప్పింది. అందుకే మొదటి నోటీసుకే లిఖితపూర్వకంగా అభ్యంతరం నమోదు చేయాలి. ఫోన్లో మాట్లాడి వదిలేస్తే వివాదం ఉన్నట్టే రికార్డులో ఉండదు. జవాబుకు అగ్రిమెంట్‌లోని చెల్లింపు క్లాజు, ఎం-బుక్ కాపీ, డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ నెల జీఎస్టీఆర్-7 వివరం జతచేయాలి. కట్టక తప్పని వడ్డీ అని తేలితే మనంతట మనం కట్టే ఫారం డీఆర్‌సీ-03తో ముందే కట్టేయడం నయం. వడ్డీకి ఇన్‌పుట్ క్రెడిట్ పనికిరాదు, నగదే కావాలి.

మాఫీ పథకం వచ్చినప్పుడైనా ఈ వడ్డీలు పోతాయని చాలామంది ఆశపడ్డారు. 2017-18 నుంచి 2019-20 వరకు మూడేళ్ల డిమాండ్లలో, 2025 మార్చి 31లోగా పన్ను కడితే వడ్డీ, పెనాల్టీ మాఫీ అన్నారు సెక్షన్ 128ఎ కింద. కానీ రిటర్ను ఆలస్యం వల్లగానీ, సరఫరాను ఆలస్యంగా చూపినందువల్లగానీ పడిన వడ్డీకి అది వర్తించదని 2024 అక్టోబరు సర్క్యులర్ తేల్చింది. తక్కువ పన్ను కట్టి డిమాండ్ దాకా తెచ్చుకున్నవాడికి మాఫీ దొరికింది. డబ్బు రాగానే తనంతట తాను కట్టినవాడికి దొరకలేదు.

ఒక ఆలస్యం వెనుక ఇంకో వడ్డీ

బిల్లు రానివాడు సిమెంటు, స్టీలు ఇచ్చినవాళ్లకు మాత్రం ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు చెల్లించకపోతే, ఆ ఇన్వాయిస్ మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. డబ్బు చెల్లించాక క్రెడిట్ తిరిగి తీసుకోవచ్చు, వడ్డీ మాత్రం తిరిగి రాదు. ప్రభుత్వం చేసిన ఒక్క ఆలస్యం కాంట్రాక్టర్ మీద రెండు వడ్డీలుగా పడుతుంది, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ కాక. పన్ను రేటు పెరిగినకొద్దీ ఈ భారమూ పెరిగింది. ప్రభుత్వ పనుల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2022 జులై 18 నుంచి 18 శాతమైంది. ఎక్కువ భాగం మట్టిపని ఉండే కాంట్రాక్టుల మీద 5 శాతం నుంచి 12కు, 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి చేరింది.

ఈ వడ్డీని శాఖ నుంచి రాబట్టుకోవచ్చా? చాలా అగ్రిమెంట్లలో చెల్లింపు ఆలస్యానికి వడ్డీ అడగరాదన్న క్లాజు ఉంటుంది. అది ఉన్నచోట దారి కష్టమే. కోర్టులు కలగజేసుకున్న సందర్భాలు లేకపోలేదు. ఉపాధి హామీ పనుల పాత బకాయిలను 12 శాతం వడ్డీతో చెల్లించాలని 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. కానీ ప్రతి కాంట్రాక్టరూ హైకోర్టు మెట్లెక్కలేడు. శాఖతో కోర్టుకెక్కినవాడికి తర్వాతి టెండర్ల టెన్షన్ వేరే.

ప్రభుత్వం తలచుకుంటే ఇది పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని కూడా కాదు. సర్వీస్ ట్యాక్స్ కాలంలో 50 లక్షల లోపు సేవలందించే వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలు డబ్బు అందాకే పన్ను కట్టే వీలుండేది. జీఎస్టీలో సెక్షన్ 148 కింద కొన్ని వర్గాలకు ప్రత్యేక పద్ధతి ప్రకటించే అధికారం ఉంది. వస్తువుల అడ్వాన్సుల మీద పన్ను తీసేసింది ఆ సెక్షన్ కిందే. భూమి అభివృద్ధి హక్కుల లావాదేవీల్లో పన్ను గడువును 2018లో వెనక్కి జరిపిందీ దాని కిందే. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకూ స్థానిక సంస్థలకూ చేసే పనుల మీద పన్ను బాధ్యత డబ్బు అందిన రోజే మొదలవుతుందని జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు చేస్తే ఒక్క నోటిఫికేషన్ సరిపోతుంది. ఖజానాకు దీనివల్ల పోయే పన్ను ఏమీ లేదు. చెల్లింపు, టీడీఎస్, జీఎస్టీఆర్-7 మూడూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఎవరూ తప్పించుకోలేరు. కౌన్సిల్‌లో మన రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ కూర్చుంటారు. కాంట్రాక్టర్ల సంఘాలు బిల్లుల విడుదల కోసం ఇచ్చే వినతిపత్రాల్లో ఈ డిమాండ్‌నూ చేర్చాలి. రెండు నెలల సీసీ రోడ్డు చేసే చిన్న కాంట్రాక్టర్ పేరుతోనే దాన్ని అడగాలి, ఎందుకంటే సెక్షన్ 31(5) కాపాడని వాడు అతనే.